ఆటోఫోకస్ కచ్చితత్వంలో కటకం పాత్ర: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఛాయాచిత్రంలో స్పష్టత తప్పినప్పుడు సాధారణంగా నింద కెమెరా మీద పడుతుంది. దూరాన్ని కొలిచేది, నిర్ణయం తీసుకునేది కెమెరాయే అన్న భావన ఇందుకు కారణం. 1977 నుంచి నేటి వరకు సాగిన ఆటోఫోకస్ చరిత్రను పరిశీలిస్తే ఈ భావన సగం సత్యమేనని తెలుస్తుంది. కటకం కొలతకు సాధనం, ఆజ్ఞను అమలుచేసే యంత్రం, తన దోషాలను తానే తెలియజేయవలసిన సాక్షి కూడా. ఈ మూడు పాత్రలు ఏ క్రమంలో కటకానికి సంక్రమించాయో, ఆ క్రమంలో కచ్చితత్వపు బాధ్యత కెమెరాకు, కటకానికి మధ్య ఎలా పంపిణీ అయిందో చారిత్రక దృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కటకం, ఆటోఫోకస్, దశాభేద పద్ధతి, వ్యత్యాస పద్ధతి, గోళీయ విపథనం, మౌంట్, సూక్ష్మ సవరణ.

1. ఉపోద్ఘాతం:

సాంకేతిక పరికరాల చరిత్రను రాసేటప్పుడు నూతన ఆవిష్కరణల జాబితాను కాలక్రమంలో పేర్చడం సులభమైన మార్గం. ఆటోఫోకస్ విషయంలోనూ ఎక్కువగా జరిగింది అదే. మొదటి కెమెరా ఏది, ఎన్ని ఫోకస్ బిందువులు పెరిగాయి, వేగం ఎంత హెచ్చింది అన్న ప్రశ్నలే ప్రధానమయ్యాయి. ఈ కథనాలన్నింటిలో కెమెరా నాయకుడు, కటకం అనుచరుడు. కాగా కచ్చితత్వం అనే ఒక్క అంశాన్ని పట్టుకుని చూస్తే కథ మారుతుంది.

చర్చకు ప్రాతిపదికగా ఒక చిన్న గణన అవసరం. 35 మి.మీ. ఫిల్ము మీద 0.03 మి.మీ. వరకు మసకను కన్ను సహిస్తుందని అనుకుంటే, ఎఫ్/5.6 ద్వారం వద్ద ఫిల్ము తలానికి ఇరువైపులా సుమారు 0.17 మి.మీ. వరకు తప్పు జరిగినా చిత్రం స్పష్టంగానే కనిపిస్తుంది. ఎఫ్/1.4 వద్ద ఆ వెసులుబాటు సుమారు 0.04 మి.మీ.కు కుదించుకుపోతుంది. వస్తువు వైపు నుంచి చూస్తే, 85 మి.మీ. ఎఫ్/1.4 కటకంతో రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి ముఖాన్ని తీసినప్పుడు స్పష్టంగా కనిపించే మందం మొత్తం సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. కంటి మీద కుదరవలసిన ఫోకస్ చెవి మీద కుదిరితే ఆ చిత్రం పనికిరాదు. అందువల్ల 'కెమెరా ఎంత కచ్చితమైనది?' అన్న ప్రశ్నకు 'ఏ కటకంతో?' అన్న ఎదురు ప్రశ్న లేకుండా సమాధానం దొరకదు.

2. కటకాన్ని సంప్రదించని తొలి దశ:

జర్మనీకి చెందిన లైట్జ్ సంస్థ 1960 నుంచి ఆటోఫోకస్‌కు సంబంధించిన పేటెంట్లు పొందుతూ వచ్చింది. 1976లో ఫొటోకినా ప్రదర్శనలో ఒక నమూనాను చూపింది. అయితే విపణిలోకి పెద్ద సంఖ్యలో వచ్చిన మొదటి ఆటోఫోకస్ కెమెరా 1977 నాటి కోనికా సి35 ఏఎఫ్. ఇందులో అమెరికాలోని హనీవెల్ సంస్థ రూపొందించిన విజిట్రానిక్ అనే విభాగాన్ని వాడారు. కెమెరా ముందుభాగంలోని రెండు చిన్న గవాక్షాల ద్వారా వచ్చే రెండు బింబాలను పోల్చి, త్రిభుజ న్యాయంతో దూరాన్ని అంచనా వేయడం దీని పద్ధతి.

1978లో పోలరాయిడ్ సంస్థ ఎస్‌ఎక్స్-70 సోనార్ కెమెరాలో మరో మార్గం తొక్కింది. కెమెరా నుంచి అతిధ్వని తరంగాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరాన్ని లెక్కించడం ఆ మార్గం. చీకటిలోనూ ఇది పనిచేస్తుంది. కానీ మధ్యలో అద్దపు కిటికీ ఉంటే శబ్దం అద్దానికి తగిలి వెనుదిరుగుతుంది కనుక, కిటికీ అవతలి దృశ్యానికి బదులు కిటికీ మీదే ఫోకస్ కుదురుతుంది.

ఈ రెండు పద్ధతుల్లో ఒక సామాన్య లక్షణం ఉంది. రెండూ దూరాన్నే కొలుస్తాయి. బింబం నిజంగా స్పష్టంగా ఏర్పడిందా అన్నది చూడవు. కొలతలో కటకానికి ప్రమేయం లేదు. కొలత పూర్తయ్యాక చెప్పిన చోటికి జరగడం ఒక్కటే దాని పని. అయినా ఈ కెమెరాలు జనాదరణ పొందడానికి కారణం కూడా కటకమే. కోనికా సి35 ఏఎఫ్‌లోని కటకం 38 మి.మీ. ఎఫ్/2.8. మూడు మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే పూర్తి ద్వారం వద్ద కూడా సుమారు రెండున్నర మీటర్ల నుంచి మూడు మీటర్ల అరవై సెంటీమీటర్ల వరకు స్పష్టత లభిస్తుంది. కొలతలోని తప్పును కటకం స్వభావమే కప్పిపుచ్చింది. తొలి తరం ఆటోఫోకస్ సాధించిన విజయంలో కొలత సూక్ష్మత కంటే కటకపు ఔదార్యం పాలు ఎక్కువ.

3. కటకం ద్వారా కొలత - సంధి దశ:

కటకాలు మార్చుకునే రిఫ్లెక్స్ కెమెరాలకు ఈ ఔదార్యం అక్కరకు రాలేదు. 200 మి.మీ. కటకం బిగించిన కెమెరాకు బయటి గవాక్షాల కొలత చాలదు. చిత్రాన్ని ఏర్పరచే కాంతినే కొలతకూ వాడాలి. అంటే కొలత కటకం లోపలి నుంచే జరగాలి. కటకం కొలతలో భాగస్వామి కావడం ఇక్కడ మొదలయింది.

1980 దశకం ఆరంభంలో వచ్చిన ప్రయోగాలు ఈ సంధి దశకు నిదర్శనాలు. 1981లో పెంటాక్స్ ఎంఈ-ఎఫ్ కెమెరా దేహంలో స్పష్టతను పరీక్షించే సెన్సర్లను అమర్చింది. కదిలించే మోటారునూ బ్యాటరీలనూ మాత్రం 35-70 మి.మీ. ఎఫ్/2.8 కటకంలో ఉంచింది. అదే ఏడాది కెనాన్ తన 35-70 మి.మీ. ఎఫ్/4 ఏఎఫ్ కటకంలో కొలత, కదలిక రెండింటినీ ఇమిడ్చి సాధారణ కెమెరాలకు తగిలించే వీలు కల్పించింది. 1983 నాటి నికాన్ ఎఫ్3ఏఎఫ్ ప్రత్యేక వ్యూఫైండర్‌ను, మోటారు గల 80 మి.మీ., 200 మి.మీ. కటకాలను జతచేసింది.

ఇవన్నీ బరువైనవి, నెమ్మదైనవి. విపణిలో ఇవి నిలవలేదు. అయినప్పటికీ చరిత్రకారునికి ఇవి విలువైనవి. మెదడు ఎక్కడుండాలి, కండరం ఎక్కడుండాలి అన్న ప్రశ్నకు సాధ్యమైన సమాధానాలన్నీ ఈ మూడేళ్లలోనే ప్రయోగానికి వచ్చాయి. తర్వాతి నాలుగు దశాబ్దాల వివాదాలకు బీజాలు ఇక్కడే ఉన్నాయి.

4. 1985, 1987 - రెండు నిర్ణయాలు:

1985 ఫిబ్రవరిలో వెలువడిన మినోల్టా 7000 ఆ ప్రశ్నకు స్థిరమైన సమాధానం ఇచ్చింది. సెన్సర్లు, మోటారు రెండూ కెమెరా దేహంలోనే. దేహం నుంచి పొడుచుకు వచ్చిన చిన్న ఇరుసు, మరచుట్టును తిప్పినట్లు కటకాన్ని తిప్పుతుంది. చూడడానికి కటకం నిష్క్రియమైనదే. కానీ ప్రతి కటకంలోనూ ఒక జ్ఞాపక చిప్పును అమర్చి, 5 విద్యుత్ స్పర్శబిందువుల ద్వారా తన వివరాలను కెమెరాకు చెప్పే ఏర్పాటు చేశారు. కటకం తన గురించి తాను మాట్లాడవలసి వచ్చిన సందర్భం ఇది. ఏ కటకానికి ఇరుసు ఎన్ని చుట్లు తిరగాలో తెలియకుండా దేహంలోని మోటారు సరైన చోట ఆగలేదు.

1987 మార్చిలో కెనాన్ ఈఓఎస్ 650తో మరో మార్గాన్ని ఎంచుకుంది. కెమెరాకు, కటకానికి మధ్య యాంత్రిక సంబంధాన్ని పూర్తిగా తెంచి, సంభాషణ అంతా విద్యుత్ సంకేతాలతోనే జరిగేలా చేసింది. ప్రతి కటకంలోనూ దానికి తగిన మోటారు ఉంటుంది. అదే ఏడాది చివరలో వచ్చిన 300 మి.మీ. ఎఫ్/2.8 కటకంలో వలయాకారపు అతిధ్వని మోటారును ప్రవేశపెట్టింది.

కచ్చితత్వం దృష్ట్యా ఈ రెండు నిర్ణయాల మధ్య తేడా మౌలికమైనది. ఇరుసు పద్ధతిలో దేహానికి, కటకానికి మధ్య ఉండే గేర్లలో ఎంతో కొంత సందు తప్పదు. దిశ మారినప్పుడల్లా ఆ సందు మేరకు మోటారు వృథాగా తిరుగుతుంది. పైగా ఒకే మోటారు తేలికపాటి 50 మి.మీ. కటకాన్నీ, బరువైన టెలిఫొటో కటకాన్నీ కదిలించాలి. కటకంలోనే మోటారు ఉంటే దాని బలం, వేగం, అడుగు పరిమాణం ఆ కటకానికే తగినట్లు నిర్ణయించవచ్చు. నికాన్ కూడా 1986లో ఎఫ్-501తో దేహంలోని మోటారును ఎంచుకున్నా, 1990 దశకంలో కటకంలోని మోటారు వైపు మళ్లింది.

ఈ నిర్ణయాలకు మూల్యం చెల్లించింది వినియోగదారులు. మినోల్టా, కెనాన్ రెండూ పాత మౌంట్లను విడిచిపెట్టాయి. 1971 నుంచి కెనాన్ ఎఫ్‌డీ కటకాలను కూడబెట్టుకున్నవారికి అవి కొత్త దేహాల మీద నేరుగా అమరలేదు. నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంట్‌ను నిలుపుకుంది. ఆ విధేయతకు మూల్యం తర్వాత వచ్చింది. 2006లో వచ్చిన డి40 కెమెరాలో దేహపు మోటారు లేకపోవడంతో, ఇరుసుతో తిరిగే కటకాలు దాని మీద ఆటోఫోకస్ కాలేదు. మౌంట్‌ను నిలుపుకోవడం వేరు, దాని సామర్థ్యాన్ని నిలుపుకోవడం వేరు అని ఈ ఉదాహరణ చెబుతుంది.

మేధాహక్కుల కోణం కూడా ఈ ఘట్టానికి ఉంది. హనీవెల్ వేసిన దావాలో 1992లో అమెరికా జ్యూరీ మినోల్టాకు వ్యతిరేకంగా 9.63 కోట్ల డాలర్ల పరిహారాన్ని నిర్ణయించింది. చివరకు 12.75 కోట్ల డాలర్లకు ఆ వివాదం పరిష్కారమయింది. కోనికా సి35 ఏఎఫ్‌లోని కొలత విభాగాన్ని అందించిన సంస్థే ఈ దావా వేసిన సంస్థ.

5. దశాభేద పద్ధతిలో కటకం ప్రభావం:

రిఫ్లెక్స్ కెమెరాలు అనుసరించిన దశాభేద పద్ధతి స్థూలంగా ఇది: కటకపు ద్వారంలో ఎడమ అంచు నుంచి వచ్చే కాంతిని, కుడి అంచు నుంచి వచ్చే కాంతిని వేరుచేసి రెండు చిన్న బింబాలను ఏర్పరుస్తారు. అవి నిర్ణీత ఎడంలో ఉంటే ఫోకస్ కుదిరినట్లు. దగ్గరైనా దూరమైనా, ఆ తేడాను బట్టి కటకం ఏ దిశలో ఎంత కదలాలో తెలుస్తుంది. ఇందులో కటకం కచ్చితత్వాన్ని నాలుగు విధాల ప్రభావితం చేస్తుంది.

5.1 ద్వార పరిమాణం: రెండు అంచుల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే కొలత అంత సూక్ష్మం. ఎఫ్/5.6 కోసం రూపొందిన సెన్సర్ జత కంటే ఎఫ్/2.8 కోసం రూపొందిన జత సూక్ష్మంగా కొలుస్తుంది. కానీ కటకం ద్వారం అంత విశాలంగా లేకపోతే ఆ అంచుల కాంతి సెన్సర్‌కు చేరనే చేరదు. ఎఫ్/8 కటకాలతో ఎక్కువ కెమెరాలు ఆటోఫోకస్ చేయలేకపోవడానికి కారణం ఇదే. 1998 నాటి కెనాన్ ఈఓఎస్-3లో మధ్య బిందువు ఎఫ్/8 వద్ద పనిచేయడం, మినోల్టా 500 మి.మీ. ఎఫ్/8 దర్పణ కటకాన్ని ఆటోఫోకస్‌తో తేవడం అందుకే విశేషాలుగా నిలిచాయి.

5.2 గోళీయ విపథనం: కటకపు అంచుల గుండా వచ్చే కిరణాలు, నడిమి కిరణాలు ఒకే బిందువు వద్ద కలియకపోవడమే గోళీయ విపథనం. సెన్సర్ ద్వారంలోని ఒక మండలం నుంచి వచ్చే కిరణాలనే చూస్తుంది. చిత్రమేమో ద్వారమంతటి కిరణాలతో ఏర్పడుతుంది. ఆ మండలానికి సరిపోయిన ఫోకస్ మొత్తం ద్వారానికి సరిపోకపోవచ్చు. ఈ తేడాను కటకమే తన చిప్పులో నిక్షిప్తం చేసి కెమెరాకు చెప్పాలి. మరో చిక్కు కూడా ఉంది. కొలత పూర్తి ద్వారం వద్ద జరుగుతుంది. చిత్రం తీసే క్షణంలో ద్వారం మూసుకుంటుంది. అప్పుడు అంచుల కిరణాలు తొలగి, ఉత్తమ ఫోకస్ స్థానం జరుగుతుంది. ఎఫ్/1.2, ఎఫ్/1.4 కటకాలను ఎఫ్/2, ఎఫ్/2.8 వద్ద వాడినప్పుడు ఈ జరుగుడు ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఎఫ్/8కు చేరితే పెరిగిన క్షేత్రలోతు దాన్ని కప్పేస్తుంది. ఇక్కడ కెమెరా తప్పు చేయలేదు, కొలతా తప్పలేదు. అయినా చిత్రం మసకబారుతుంది.

5.3 వర్ణ విపథనం: ఎరుపు, నీలం కాంతులు వేర్వేరు దూరాల్లో కేంద్రీకృతమవుతాయి. ఆటోఫోకస్ సెన్సర్ వర్ణగ్రాహ్యత, చిత్ర సెన్సర్ వర్ణగ్రాహ్యత ఒకటి కావు. అందువల్ల పగటి వెలుగులో సరిగా కుదిరిన కటకం, ఎరుపు పాలు ఎక్కువైన బల్బు వెలుగులో తప్పవచ్చు. వర్ణ విపథనాన్ని ఎంత బాగా సరిచేస్తే ఆ కటకం వెలుగు మార్పులకు అంత తక్కువగా లోనవుతుంది.

5.4 యాంత్రిక నిర్మాణం: కటకం మొత్తాన్ని ముందుకు జరిపే పాత పద్ధతికి బదులు, లోపలి చిన్న గుంపును మాత్రమే కదిలించే పద్ధతి ఆటోఫోకస్ యుగంలో విస్తరించింది. కదిలే బరువు తగ్గడంతో వేగం పెరిగింది. కానీ ఆ చిన్న గుంపు స్వల్పంగా కదిలినా ఫోకస్ ఎక్కువగా మారుతుంది కనుక, యాంత్రిక సూక్ష్మత మరింత అవసరమైంది. జూమ్ కటకాల్లో మరో మార్పు వచ్చింది. పూర్వపు మంచి జూమ్ కటకాలు నాభ్యంతరం మార్చినా ఫోకస్‌ను నిలుపుకునేవి. ఎలాగూ కెమెరా మళ్లీ ఫోకస్ చేస్తుందన్న భరోసాతో తర్వాతి అనేక కటకాలు ఆ గుణాన్ని వదులుకున్నాయి. చిత్రకారుడు జూమ్ చేసిన తర్వాత మళ్లీ ఫోకస్ చేయకపోతే చిత్రం తప్పుతుంది.

ఈ వాదానికి ఎదురు ఉదాహరణగా 1996 నాటి కాంటాక్స్ ఏఎక్స్ కెమెరాను చూపవచ్చు. ఇది కటకాన్ని ముట్టుకోకుండా, కెమెరా లోపల ఫిల్ము తలాన్నే ముందుకూ వెనక్కూ జరిపి, చేతితో తిప్పే కటకాలకు ఆటోఫోకస్ కల్పించింది. కటకం సహకారం లేకుండా ఆటోఫోకస్ సాధ్యమేనని ఇది నిరూపించింది. అయితే ఫిల్మును జరపడం కటకం మొత్తాన్ని జరపడంతో సమానం. సమీప దూరాల్లో దోషాలను సవరించడానికి లోపలి గుంపులను విడిగా కదిలించేలా నిర్మించిన కటకాలకు ఈ పద్ధతిలో ఆ సవరణ అందదు. కటకాన్ని పక్కనపెట్టిన ప్రయత్నం కూడా చివరకు కటకపు స్వభావం వద్దే తన హద్దును చూసింది.

6. సూక్ష్మ సవరణ - బాధ్యత చేతులు మారిన వైనం:

డిజిటల్ యుగంలో చిత్రాన్ని తెర మీద నూరు శాతం పరిమాణంలో చూడడం అలవాటయింది. ఫిల్ము కాలంలో చిన్న ముద్రణల్లో దాగిన దోషాలు బయటపడ్డాయి. 'కెమెరా సరైనదే, కటకమూ సరైనదే, రెండూ కలిస్తే తప్పు' అన్న విచిత్ర స్థితి వినియోగదారుల అనుభవంలోకి వచ్చింది. ప్రతి వస్తువూ తన అనుమతించిన హద్దులోనే ఉన్నా, రెండు హద్దుల దోషాలు ఒకే దిశలో కూడితే మొత్తం దోషం సహనాన్ని మించుతుంది.

2007లో కెనాన్ ఈఓఎస్-1డి మార్క్ 3, నికాన్ డి3, డి300 కెమెరాలు ఒక్కో కటకానికి విడిగా ఫోకస్‌ను సవరించుకునే సదుపాయాన్ని ఇచ్చాయి. కర్మాగారం చేయవలసిన పనిలో కొంత భాగం వినియోగదారునికి బదిలీ అయింది. అయితే ఒకే సంఖ్యతో కటకాన్ని సవరించడానికి పరిమితి ఉంది. దగ్గర వస్తువులకు సరిపడే సవరణ దూరపు వస్తువులకు సరిపడకపోవచ్చు. 2013లో సిగ్మా తెచ్చిన యూఎస్‌బీ డాక్ ఈ పరిమితిని గుర్తించింది. స్థిర నాభ్యంతర కటకాలకు నాలుగు దూరాల వద్ద, జూమ్ కటకాలకు నాలుగు నాభ్యంతరాల్లో నాలుగేసి దూరాల చొప్పున మొత్తం 16 చోట్ల సవరణకు వీలు కల్పించి, ఆ విలువలను కటకంలోనే భద్రపరిచింది. దోషం ఒక సంఖ్య కాదు, దూరాన్ని బట్టి మారే ఒక వక్రరేఖ అన్న అంగీకారం ఇందులో ఉంది.

స్థిరమైన దోషాన్ని సవరించవచ్చు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగే అస్థిరతను సవరించలేము. కటకపు మోటారు, తన స్థానాన్ని తాను గుర్తించే ఏర్పాటు ఎంత నమ్మకమైనవన్న దాని మీద ఈ స్థిరత్వం ఆధారపడుతుంది. సూక్ష్మ సవరణకు లొంగని కటకాలు ఉండడానికి ఇదే కారణం.

7. అద్దం తొలగిన తర్వాత:

2008లో పానాసోనిక్ జి1తో అద్దం లేని కెమెరాల శకం ఆరంభమైంది. చిత్రాన్ని గ్రహించే సెన్సరే ఫోకస్‌నూ పరీక్షించడంతో, రెండు వేర్వేరు తలాల మధ్య పొసగకపోవడమనే పాత దోషం తొలగింది. కానీ తొలినాళ్లలో వాడిన వ్యత్యాస పద్ధతికి దిశ తెలియదు. కటకాన్ని కదిలిస్తూ, స్పష్టత శిఖరాన్ని దాటాక వెనక్కు రావాలి. ఒక్క దిశలో బలంగా తిరగడానికి రూపొందిన మోటార్లు ఈ ముందువెనుకల కదలికకు తగలేదు. తేలికైన గుంపు, క్షణాల్లో దిశ మార్చుకునే స్టెప్పింగ్ మోటారు అవసరమయ్యాయి. కొలత పద్ధతి మారినందున కటకపు నిర్మాణమే మారవలసి వచ్చింది.

2010లో ఫుజిఫిల్మ్ ఎఫ్300ఈఎక్స్ఆర్ చిత్ర సెన్సర్ మీదనే దశాభేద బిందువులను ప్రవేశపెట్టింది. 2013లో కెనాన్ 70డి ప్రతి చిత్రబిందువునూ రెండు భాగాలుగా విభజించింది. 2014లో పానాసోనిక్ జీహెచ్4 మరో దారి పట్టి, ప్రతి కటకం మసకను ఏ తీరున ఏర్పరుస్తుందో ముందే నమోదుచేసి, ఆ తీరును పోల్చి దూరాన్ని అంచనా వేసింది. ఆ నమోదు లేని ఇతర సంస్థల కటకాలకు ఈ ప్రయోజనం దక్కలేదు. కటకం దోషమే సమాచారంగా మారిన ఘట్టం ఇది.

సెన్సర్ మీదనే కొలిచినా కటకం ప్రభావం సమసిపోలేదు. పూర్తి ద్వారం వద్ద కొలిస్తే, ద్వారం మూసినప్పటి ఫోకస్ జరుగుడు మిగిలే ఉంటుంది. మూసిన ద్వారం వద్ద కొలిస్తే ఆ దోషం తొలగుతుంది గాని, అంచుల మధ్య ఎడం తగ్గి కొలత సూక్ష్మత తగ్గుతుంది. 1985లో 5గా ఉన్న స్పర్శబిందువులు 2018 నాటి కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌లో 12కు చేరాయి. కటకం చెప్పవలసిన సంగతులు ఎంత పెరిగాయో ఈ అంకెలు సూచిస్తాయి.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• తొలి ఆటోఫోకస్ కెమెరాలు కటకాన్ని కొలత నుంచి మినహాయించాయి. వాటి కొలత దోషాలను చిన్న నాభ్యంతర కటకాల క్షేత్రలోతు కప్పింది.

• కటకం ద్వారా కొలవడం మొదలైనప్పటి నుంచి కటకపు దోషాలు కొలతలో భాగమయ్యాయి. వాటిని కటకమే తన చిప్పు ద్వారా తెలియజేయవలసి వచ్చింది.

• మోటారు ఎక్కడుండాలన్న 1985, 1987 నాటి నిర్ణయాలు కచ్చితత్వాన్నే కాక, పాత కటకాల భవితవ్యాన్ని కూడా నిర్ణయించాయి.

• 2007 తర్వాత వచ్చిన సూక్ష్మ సవరణ, కర్మాగారపు బాధ్యతలో కొంత భాగాన్ని వినియోగదారునికి బదిలీ చేసింది.

• అద్దం తొలగడంతో తలాల మధ్య దోషం పోయింది. గోళీయ విపథనం, మోటారు స్థిరత్వం వంటి కటక సంబంధమైన అంశాలు నిలిచే ఉన్నాయి.

చేతితో ఫోకస్ చేసిన కాలంలో కటకానికి, కెమెరాకు మధ్య మనిషి కన్ను మధ్యవర్తి. గోళీయ విపథనం పేరు తెలియకపోయినా, కంటికి నచ్చేవరకు వలయాన్ని తిప్పి ఆ దోషాన్ని కన్ను సర్దుకునేది. ఆ మధ్యవర్తి తప్పుకున్నాక, కటకం తన దోషాన్ని తానే ఒప్పుకోవలసి వచ్చింది. ఆ ఒప్పుకోలు ఎంత నిజాయతీగా, ఎంత వివరంగా ఉంటే చిత్రంలోని కన్ను అంత స్పష్టంగా కనిపిస్తుంది.